ఒకే నానోఫైబర్ పొర మాస్కుకూ, నీటి వడపోతకూ, గాయపు కట్టుకూ పనికి వస్తుందా?

నూలుపోగు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను పాలిమర్ల మీద పరిశోధన చేస్తున్నాను. ఏడాదిన్నరగా ఎలక్ట్రోస్పిన్నింగ్ పద్ధతిలో, అంటే ద్రావణాన్ని అధిక వోల్టేజీతో సన్నటి పోగులుగా లాగే పద్ధతిలో, నైలాన్-6 పోగులు తీస్తున్నాను. నైలాన్‌ను ఫార్మిక్ ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణంలోనే వెండి నానోకణాలనూ, కొద్దిపాటి గ్రాఫీన్ ఆక్సైడునూ (అతి పలుచటి కార్బన్ రేకులు) కలిపి, పాలీప్రొపిలీన్ నాన్-వోవెన్ (నేయని) గుడ్డ మీద పడేలా పోగులు తీస్తాను. పోగు మందం సగటున 200 నానోమీటర్ల దగ్గర ఉంటోంది.

ఇప్పటివరకు నా దగ్గర ఉన్న ఫలితాలు రెండు. మొదటిది, చిన్న గుండ్రటి ముక్క మీద 0.3 మైక్రాన్ల కణాలతో చేసిన పరీక్షలో 97% కణాలు ఆగిపోయాయి. రెండవది, ఇ.కోలై బాక్టీరియా ఉన్న పళ్లెంలో ఈ పొర ముక్కను ఉంచితే, 24 గంటల తరువాత దాని చుట్టూ బాక్టీరియా లేని స్పష్టమైన ఖాళీ వలయం కనిపించింది. ఈ రెండింటినీ చూసి, ఇదే పొరతో మాస్కు, ఇంట్లో వాడుకునే నీటి వడపోత, గాయాల మీద వేసే కట్టు, మూడింటినీ తయారుచేయవచ్చు కదా అనిపించింది. మా మార్గదర్శకులు పేటెంటుకు దరఖాస్తు చేయమంటున్నారు.

నా సందేహాలు ఇవి. మూడింటిలో ముందు దేన్ని ఎంచుకోవాలి? వెండి, గ్రాఫీన్ ఆక్సైడ్ అన్న పేర్లే దరఖాస్తుకు బలమవుతాయా? ఇంకా ఏ పరీక్షలు చేయాలి? ప్రధాన విషయం కాకపోయినా ఒకటి చెబుతాను. గ్రాఫీన్ ఆక్సైడ్ లేకుండా తీసిన పొర, కింది గుడ్డను నాలుగుసార్లు మడిస్తే ఊడివస్తోంది, అది కలిపినది మాత్రం ఊడడం లేదు. పని సులువైంది కనుక దాని గురించి నేను పెద్దగా ఆలోచించలేదు.

గాలివడపోత (జవాబు):

నూలుపోగు గారూ, నేను గాలి ఫిల్టర్ల రూపకల్పనలో చాలాకాలం పనిచేశాను కనుక మాస్కు సంగతి మాత్రమే మాట్లాడతాను.

97% అన్న అంకె విన్న వెంటనే నేను అడిగే ప్రశ్నలు రెండు: గాలి ఎంత వేగంతో పంపారు, పొరకు ఇరువైపులా పీడనంలో తేడా ఎంత వచ్చింది? ఈ రెండూ చెప్పకుండా సామర్థ్యం ఒక్కటే చెబితే, ఆ అంకె మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు. ఎన్95 (కనీసం 95% కణాలను ఆపవలసిన అమెరికా మాస్కు తరగతి) పరీక్షలో నిమిషానికి 85 లీటర్ల గాలిని మొత్తం మాస్కు గుండా లాగుతారు. మాస్కు వైశాల్యం సుమారు 150 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, పొర ముఖం మీద గాలి వేగం సెకనుకు 9.4 సెంటీమీటర్ల దాకా వస్తుంది. మీ చిన్న ముక్క మీద సెకనుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వేగంతో పరీక్షించి ఉంటే, సన్నటి కణాలు పోగుల మధ్య తచ్చాడుతూ పోగులకు తగిలేందుకు కావలసినంత సమయం దొరికి ఉంటుంది. వేగం పెరిగితే ఆ వ్యవధి తగ్గుతుంది, మీ 97% కూడా తగ్గుతుంది.

వడపోత పొర జల్లెడలా పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పెద్ద కణాలు గాలి మలుపు తిరిగిన చోట తాము తిరగలేక పోగును ఢీకొంటాయి, మధ్యరకం కణాలు పోగును రాసుకుంటూ పోతూ అంటుకుంటాయి, అతిచిన్న కణాలు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగిసలాడుతూ వెళ్లి పోగు మీద పడతాయి. ఈ మూడు మార్గాలూ బలహీనంగా ఉండే పరిమాణం సాధారణ పోగులకు 0.3 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అందుకే పరీక్షలలో ఆ అంకె అంతగా వినిపిస్తుంది. నాలుగవ మార్గం విద్యుదావేశం. పోగుల లోపల శాశ్వతంగా ఆవేశాన్ని నిలిపి ఉంచితే, రంధ్రాలు పెద్దవిగా ఉన్నా కణాలు ఆకర్షణకు లోనై అతుక్కుంటాయి, పీల్చేవారికి గాలి మాత్రం సులువుగా అందుతుంది. టెన్నెసీ విశ్వవిద్యాలయంలో పీటర్ త్సాయ్ 1990లలో మెల్ట్-బ్లోన్ (కరిగించి వేడిగాలితో ఊది తీసిన) పాలీప్రొపిలీన్ పొరలకు ఇలా ఆవేశం ఎక్కించే పద్ధతిని అభివృద్ధి చేశారు, ఈనాటి మాస్కుల వెనుక అలాంటి పని ఎంతో ఉంది. కాబట్టి మీరు పోటీ పడవలసింది మామూలు గుడ్డతో కాదు, ఆవేశం ఉన్న ఆ చవకైన పొరతో.

పోటీలో మీకు అనుకూలమైనది కూడా ఒకటి ఉంది. ఆవేశం మీద ఆధారపడిన పొరను ఆల్కహాలుతోనో సబ్బు నీటితోనో తడిపితే సామర్థ్యం ఒక్కసారిగా పడిపోతుంది, పొర చూడటానికి మాత్రం ఏమీ తేడా తెలియదు. నానోఫైబర్ పొర పోగుల సన్నదనం మీద ఆధారపడుతుంది కనుక దానికి ఆ భయం తక్కువ. పైగా గాలి అణువు ఒకదానిని మరొకటి ఢీకొనే లోపు ప్రయాణించే సగటు దూరం సుమారు 66 నానోమీటర్లు. పోగు మందం దానికి దగ్గరయ్యే కొద్దీ గాలి పోగు ఉపరితలం మీద జారినట్లు సాగిపోతుంది, అందువల్ల అంత సన్నని పోగులు గాలికి చూపే నిరోధం మామూలు లెక్కలు చెప్పేదానికన్నా తక్కువగా ఉంటుంది. 200 నానోమీటర్ల దగ్గర ఆ లాభం కొంతైనా మీకు దక్కుతుంది.

చిక్కంతా ధూళి పేరుకున్నప్పుడు మొదలవుతుంది. ఎన్95 తరగతి పరీక్షలో ఒక్కొక్క వడపోత మీద 200 మిల్లీగ్రాముల ఉప్పు కణాలు చేరేదాకా పంపుతూనే ఉంటారు. మెల్ట్-బ్లోన్ పొర మందంగా ఉంటుంది కనుక ఆ ఉప్పును లోపలి దాకా సర్దుకుంటుంది. మీది పలుచటి పొర కనుక ఉప్పంతా పైనే పొక్కులా కడుతుంది. సామర్థ్యం పెరుగుతున్నట్లే కనిపిస్తుంది కానీ ఊపిరి తీయడం కష్టమవుతుంది. ఆ ప్రమాణంలో గాలి లోపలికి పీల్చేటప్పుడు నిరోధం 35 మిల్లీమీటర్ల నీటి పీడనాన్ని, అంటే సుమారు 343 పాస్కళ్లను మించకూడదు. నేను చూసిన నానోఫైబర్ నమూనాలలో సామర్థ్యం దగ్గర తప్పినవి తక్కువ, ఈ నిరోధం దగ్గర తప్పినవే ఎక్కువ.

పోల్చడానికి ఒక సులువైన కొలత ఉంది. పొరను దాటిపోయిన కణాల భిన్నానికి సహజ సంవర్గమానం తీసి, రుణ గుర్తు తొలగించి, పీడన వ్యత్యాసంతో భాగించండి. దీనిని నాణ్యతా గుణకం అంటారు. 20% కణాలను వదిలే పొరలు రెండు కలిపితే 4% మాత్రమే దాటతాయి, నిరోధం కూడా రెట్టింపవుతుంది, గుణకం మాత్రం మారదు. అంటే పొరలు పెంచి సామర్థ్యం తెచ్చుకోవడం కొత్త ఆవిష్కరణ అనిపించుకోదు. గుణకం పెరిగితేనే మీ పదార్థం ఏదో చేసిందని అర్థం.

చివరిగా, ముఖానికి మాస్కు అతుక్కునే తీరు. 5% మాత్రమే వదిలే వడపోత ఉన్నా, అమెరికా పని ప్రదేశాల భద్రతా నిబంధనలు సగం ముఖాన్ని కప్పే రెస్పిరేటరుకు ఇచ్చే రక్షణ గుణకం 10 మాత్రమే. లోపలి గాలిలో బయటి కణాలలో పదో వంతు ఉండవచ్చని ఆ లెక్క ఒప్పుకుంటోంది. మిగతాదంతా అంచుల దగ్గర సందుల పుణ్యం. మీరు 97ను 99 చేయడానికి పెట్టే శ్రమలో సగం ముక్కు దగ్గరి అంచు మీద పెడితే వాడేవారికి ఎక్కువ మేలు.

సూక్ష్మదర్శిని (జవాబు):

పై జవాబులో గాలి సంగతి వచ్చింది కనుక నేను శరీరాన్ని తాకే వస్తువుల సంగతి చెబుతాను. వైద్య పరికరాల జీవ అనుకూలత పరీక్షలు నా వృత్తి.

ముందుగా మీ ఖాళీ వలయం గురించి. నైలాన్‌ను ఫార్మిక్ ఆమ్లంలో కరిగించానన్నారు. పోగులు తీసిన తరువాత ఆ ఆమ్లం పూర్తిగా పోయిందని ఎలా నిర్ధారించుకున్నారు? ఫార్మిక్ ఆమ్లమే బాక్టీరియాను చంపగలదు. వెండి లేకుండా, అదే ద్రావకంతో, అదే రోజు తీసిన పొరను పక్కన ఉంచి పోల్చకపోతే, ఆ వలయాన్ని వెండి గీసిందో, మిగిలిపోయిన ఆమ్లం గీసిందో మీకు తెలియదు. ఇది చిన్న విషయంగా కనిపించినా, దీన్ని వదిలేసి రాసిన పత్రాలను నేను పరిశీలకుడిగా తిప్పి పంపిన సందర్భాలు ఉన్నాయి. ఆ ఆమ్లం చర్మానికీ, ఊపిరితిత్తులకూ చికాకు కలిగించేది కూడా, కనుక ఈ ప్రశ్న మాస్కుకూ వర్తిస్తుంది.

వలయం వెండి వల్లే వచ్చిందనుకుందాం. పళ్లెంలో ఉన్నది పోషక ద్రవ్యం, గాయంలో ఉన్నది రక్తం, ప్రోటీన్లు, ఉప్పు. వెండి అయానులు క్లోరైడుతోనూ, ప్రోటీన్లతోనూ వెంటనే కట్టుబడిపోతాయి. అందువల్ల సీరం కలిపిన ద్రవంలో పరీక్ష మళ్లీ చేయాలి. ఆ పరిస్థితిలోనూ బాక్టీరియా చావాలని వెండి మోతాదు పెంచితే, గాయాన్ని మాన్పవలసిన మన కణాలకు కూడా అది విషమవుతుంది. వైద్య పరికరాల జీవ అనుకూలతకు సంబంధించిన ఐఎస్ఓ 10993 ప్రమాణాలలో ఐదవ భాగం కణ విషతత్వం గురించి చెబుతుంది. పదార్థం నుంచి తీసిన ద్రవంలో పెంచిన కణాలలో బ్రతికినవి 70% కన్నా తగ్గితే ఆ పదార్థానికి విషతత్వం ఉండవచ్చని పరిగణిస్తారు. మీరు మొదట చేయించవలసిన పరీక్ష ఇదే. తక్కువ ఖర్చుతో, కొద్ది రోజుల్లో పూర్తవుతుంది, దారి మూసుకుపోయేది ఉంటే ఇక్కడే తెలుస్తుంది.

వెండి విషయంలో వైద్యరంగం ఒక కఠినమైన పాఠం నేర్చుకుంది. కృత్రిమ గుండె కవాటాన్ని కణజాలానికి కుట్టే గుడ్డ ఉంగరానికి వెండి పూత వేస్తే ఇన్ఫెక్షన్ రాదన్న ఆలోచనతో 1997లో ఒక రకం కవాటం మార్కెట్లోకి వచ్చింది. ఆలోచన వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. కానీ పూత ఉన్న కవాటాలనూ, లేనివాటినీ పోల్చిన క్లినికల్ పరీక్షలో, పూత ఉన్నవాటి అంచుల చుట్టూ రక్తం కారడం ఎక్కువగా కనిపించింది, తయారీదారు 2000 జనవరిలో వాటిని వెనక్కి తీసుకున్నారు. ఆ ఉంగరం పని సూక్ష్మజీవులను ఆపడం ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న కణజాలం అందులోకి పెరిగి పట్టు బిగించేలా చేయడం కూడా. మీరు గాయపు కట్టుకు ఏదైనా కలిపే ముందు, ఆ కట్టు చేయవలసిన పనులన్నీ కాగితం మీద రాసి, కలిపినది వాటిలో దేనికి అడ్డు వస్తుందో చూడండి. నానోఫైబర్ల రంధ్రాలలోకి కణజాలం పెరిగితే, కట్టు విప్పేటప్పుడు మానుతున్న పొర కూడా దానితో ఊడివస్తుంది. ఈ ఒక్క కారణంతో వెనక్కి వెళ్లిన కట్టులు ఎన్నో.

గ్రాఫీన్ మాట వచ్చింది కనుక 2021 ఏప్రిల్‌లో కెనడా ఆరోగ్య శాఖ చేసిన హెచ్చరికను గుర్తు చేస్తాను. గ్రాఫీన్ కలిపిన మాస్కులనుంచి కణాలు ఊపిరితో లోపలికి పోవచ్చన్న అనుమానంతో, వాటిని వాడవద్దని ఆ శాఖ ప్రజలకు చెప్పింది. తరువాత సమాచారం పరిశీలించి, జూలైలో కొన్ని రకాలను తిరిగి అనుమతించింది. గ్రాఫీన్ చెడ్డదని దీని అర్థం కాదు. పొర నుంచి ఏమీ రాలడం లేదని నిరూపించే భారం తయారుచేసినవారి మీద ఉంటుందని అర్థం. మీ పొర గుండా గంటలకొద్దీ గాలి పంపి, అవతలివైపు వచ్చిన కణాలను సేకరించి చూడకుండా మాస్కు మాట ఎత్తకండి.

ఇక స్టెరిలైజేషన్. 1958 ప్రాంతంలో శస్త్రవైద్యుడు జాన్ చార్న్‌లీ కృత్రిమ తుంటి కీలుకు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) వాడారు. జారుడు గుణంలో దానికి సాటి లేదు, కానీ కొద్ది సంవత్సరాలకే అది అరిగిపోయి, ఆ పొడి చుట్టూ కణజాలం తీవ్రంగా ప్రతిస్పందించింది. 1962లో ఆయన అత్యధిక అణుభారం ఉన్న పాలీఇథిలీన్‌కు మారారు, ఆ కీళ్లు నిలిచాయి. కథ అక్కడితో ముగిసిందనుకుంటారు కానీ ముగియలేదు. ఆ పాలీఇథిలీన్‌ను గాలి సమక్షంలో గామా కిరణాలతో స్టెరిలైజ్ చేయడం వల్ల అందులో ఏర్పడిన ఫ్రీ రాడికల్స్ ఆక్సిజన్‌తో కలిసి, ఏళ్లు గడిచేకొద్దీ పదార్థాన్ని పెళుసుగా మార్చాయని తరువాత తేలింది. పదార్థం మారలేదు, దాన్ని శుభ్రం చేసిన పద్ధతి దాన్ని మార్చింది. మీ పొరను 121 డిగ్రీల ఆవిరిలో పెట్టి తీసి, ముందూ వెనుకా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు తీయండి. 200 నానోమీటర్ల నైలాన్ పోగులు తడి వేడికి ఒకదానికొకటి అతుక్కుని ఉంటే మీకు అక్కడే తెలిసిపోతుంది.

పాతకవచం (జవాబు):

నేను రక్షణ దుస్తుల పరిశ్రమ నుంచి విరమించుకున్నవాణ్ణి. నీటి వడపోత ఆలోచనను ఇప్పటికి పక్కన పెట్టమని నా సలహా, కారణం చిన్న లెక్క. నీటి రంగంలో శాతాలు మాట్లాడరు, లాగ్ తగ్గింపు మాట్లాడతారు; ఒక్కొక్క లాగ్ అంటే మిగిలినవి పదో వంతుకు తగ్గడం. మీ 97% అంటే సుమారు 1.5 లాగ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్లలో వాడే నీటి శుద్ధి పరికరాలలో పై తరగతికి బాక్టీరియాలో 4 లాగ్, అంటే 99.99%, వైరస్‌లలో 5 లాగ్ తగ్గింపు అడుగుతుంది. గాలిలో కణాలను పట్టే నియమాలు కూడా నీటిలో వర్తించవు, అక్కడ రంధ్రం పరిమాణమే చాలావరకు నిర్ణయిస్తుంది. వెండి నెమ్మదిగా నీటిలోకి కరిగిపోతుంది కనుక, ఆరు నెలల తరువాత పొరలో వెండి ఎంత మిగిలింది, తాగినవారి కడుపులోకి ఎంత పోయింది అన్న రెండు ప్రశ్నలకూ మీరు జవాబు చెప్పవలసి వస్తుంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వయసు గురించి. తుపాకీ గుండ్లను ఆపే కవచాలలో పీబీఓ అనే పోగు ఒకప్పుడు గొప్ప ఆశ కలిగించింది. జైలాన్ అన్న వ్యాపార నామంతో వచ్చిన ఆ పోగు బలంలో కెవ్లార్‌ను మించింది, అంతే రక్షణకు కవచం బరువు తక్కువ, వేడిని తట్టుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు పరీక్షలన్నీ నెగ్గింది. తేమకూ, వెలుతురుకూ అది క్రమంగా బలహీనపడుతుందని వాడుకలోకి వచ్చాకే గట్టిగా బయటపడింది. 2003లో ఒక పోలీసు అధికారి ధరించిన కవచం గుండును ఆపలేకపోయింది, 2005 ఆగస్టులో అమెరికా జాతీయ న్యాయ సంస్థ ఆ పోగుతో చేసిన కవచాల మీద నమ్మకం పెట్టుకోవద్దని హెచ్చరించింది. కవచం వేసుకునే మనిషికి చెమట పడుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, పరీక్షలో మాత్రం చెమటకు చోటు లేకపోయింది. ఆ రోజుల్లో ఆ పోగును మెచ్చుకున్నవారిలో నేనూ ఉన్నాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కెవ్లార్ పుట్టుక దీనికి భిన్నంగా ఉంటుంది, అది మీకు నేరుగా పనికి వస్తుంది. 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ తయారుచేసిన ద్రావణం తేటగా, చిక్కగా ఉండవలసింది పోయి, మబ్బుగా, పలుచగా వచ్చింది. అలాంటి ద్రావణాన్ని పారబోయడం పరిపాటి. పోగులు తీసే యంత్రం చూసుకునే ఉద్యోగి, సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయని మొదట ఒప్పుకోలేదు కూడా. ఆమె పట్టుబట్టి తీయించారు. ఆ మబ్బుతనం ద్రవ స్ఫటిక స్థితికి గుర్తు, పోగు బలమంతా ఆ స్థితిలో అణువులు ఒకే వరుసలో నిలబడటం వల్లే వచ్చింది.

ఇప్పుడు మీ ప్రశ్నను మళ్లీ చదవండి. వెండి గురించి ముందుగా రాసి, పొర ఊడకపోవడం గురించి «ప్రధాన విషయం కాకపోయినా» అంటూ చివరిలో క్లుప్తంగా సరిపెట్టారు. నానోఫైబర్ పొరలు మద్దతు గుడ్డ నుంచి విడిపోవడం ఈ రంగంలో ఉన్నవారందరికీ తలనొప్పి. పాలీప్రొపిలీన్‌కు ఏదీ సరిగా అంటదు. జిగురు వాడితే రంధ్రాలు పూడతాయి, వేడితో అతికిస్తే పోగులు కరుగుతాయి. మీ పొర మడతలకు నిలిచిందంటే, నాకు మీ 97% కన్నా అదే ఆసక్తి కలిగిస్తోంది. అయితే అది నిజంగా గ్రాఫీన్ ఆక్సైడ్ వల్లేనా? దాన్ని కలిపితే ద్రావణపు విద్యుత్ వాహకత మారుతుంది, దానితో పోగు మందం మారుతుంది, గుడ్డను చేరేసరికి పోగులో మిగిలే తడి కూడా మారవచ్చు. తడిగా పడిన పోగు ఏదైనా కొంచెం ఎక్కువ అంటుకుంటుంది. కలపకుండానే వోల్టేజీనీ, దూరాన్నీ సర్ది అదే మందం, అదే తడి ఉన్న పోగులు తీసి, మడిచి చూడండి. అప్పుడూ ఊడివస్తే మీ చేతిలో కొత్త విషయం ఉన్నట్లే.

ముసాయిదా (జవాబు):

పాతకవచం గారు చెప్పినది చదివి కొంచెం కంగారుగా రాస్తున్నాను. నేను పేటెంటు దరఖాస్తుల ముసాయిదాలు రాసే పనిలో ఉన్నాను. నూలుపోగు గారూ, మీరు ఇక్కడ రాసిన ప్రతి వాక్యమూ చట్టం దృష్టిలో బహిరంగ ప్రచురణే. అమెరికాలో ఆవిష్కర్త స్వయంగా వెల్లడించిన తరువాత 12 నెలల గడువు ఉంటుంది, ఐరోపా పేటెంటు చట్టంలో అలాంటి వెసులుబాటు దాదాపు లేదు. మీరు ఏమి కలిపారో చెప్పారు, ఎంత కలిపారో, ఏ పరిస్థితులలో తీశారో చెప్పలేదు. ఆ రెండవ భాగం దయచేసి ఇక్కడ రాయకండి, పాతకవచం గారు అడిగిన ప్రయోగం ఫలితాన్ని కూడా రాయకండి. ఈ చర్చ తేదీని, ఇక్కడ రాసినదాని ప్రతిని మీ పేటెంటు న్యాయవాదికి ఇవ్వండి. సదస్సులో పోస్టరు పెట్టినా, సిద్ధాంత గ్రంథాన్ని గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉంచినా ఇదే వర్తిస్తుంది.

రెండవ సంగతి, పేర్ల బలం. వెండి నానోకణాలు ఉన్న నానోఫైబర్ల గురించి ఇప్పటికే ఎన్నో పత్రాలు, పేటెంట్లు ఉన్నాయి. తెలిసిన పదార్థాన్ని తెలిసిన పొరలో, తెలిసిన ప్రయోజనం కోసం కలిపితే, పరీక్షాధికారి అది ఈ రంగంలో పనిచేసేవారెవరికైనా తట్టే ఆలోచనే అంటారు. ఆయనను ఒప్పించేది ఊహించని ఫలితం. సూక్ష్మజీవులను చంపడానికి కలిపినది సూక్ష్మజీవులను చంపితే అందులో ఊహించనిది ఏమీ లేదు. మడిస్తే ఊడిపోవలసిన పొర ఊడకపోతే ఉంది.

క్లెయిములను (పేటెంటులో హక్కు కోరే అంశాలను) పదార్థం మీద కన్నా పద్ధతి మీద కేంద్రీకరించే మార్గం కూడా ఆలోచించండి. పీటీఎఫ్ఈని సాగదీస్తే తెగుతుందని, కాబట్టి నెమ్మదిగా సాగదీయాలని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 1969లో బాబ్ గోర్ వేడి చేసిన కడ్డీని ఒక్క గుంజు గుంజారు. అది తెగలేదు, ఎన్నో రెట్లు సాగి, గాలితో నిండిన సన్నటి రంధ్రాల పదార్థంగా మారింది. నీటి చుక్కను ఆపి చెమట ఆవిరిని వదిలే దుస్తులకూ, కృత్రిమ రక్తనాళాలకూ, వడపోత పొరలకూ అదే మూలం. ఇందులో పాలిమర్ 1938 నుంచి తెలిసినదే, కొత్తది సాగదీసిన వేగం. ఆ పేటెంటు మీద నడిచిన వ్యాజ్యంలో ఆసక్తికరమైన విషయం ఒకటి ఉంది. న్యూజిలాండ్‌కు చెందిన జాన్ క్రాపర్ 1966లోనే పీటీఎఫ్ఈని సాగదీసే యంత్రం తయారుచేసి, పద్ధతిని వ్యాపార రహస్యంగా ఉంచారు. రహస్యంగా ఉంచి, ఉత్పత్తిని చూసినా పద్ధతి తెలియనివ్వని మూడవ వ్యక్తి వాడకం, తరువాత విడిగా కనుగొని వెల్లడించిన వ్యక్తి పేటెంటుకు అడ్డు కాదని 1983లో అమెరికా అప్పీలు న్యాయస్థానం తేల్చింది. అమెరికాలో చట్టం ఆ తరువాత మారింది కనుక దీన్ని నేటి నియమంగా తీసుకోకండి.

మూడు ఉపయోగాలనూ ఒకే దరఖాస్తులో పెడితే, అవి ఒకే ఆవిష్కరణ కిందికి రావని పరీక్షాధికారి విభజించమనవచ్చు. మొదటి దరఖాస్తు వేసిన తేదీ నుంచి 12 నెలల లోపు ఇతర దేశాలలో వేసుకునే హక్కు పారిస్ ఒప్పందం కింద ఉంటుంది. ఆ ఏడాదిలో ఏది నిలుస్తుందో ప్రయోగశాలలో తేల్చుకోండి.

నూలుపోగు (జవాబు):

అందరికీ కృతజ్ఞతలు. పరీక్ష పుస్తకం తీసి చూశాను. గాలి వేగం సెకనుకు 2 సెంటీమీటర్లే, పీడన వ్యత్యాసం మేము నమోదు చేయనే లేదు. వెండి లేని పొరతో పోలిక కూడా చేయలేదు. చేసిన పని మీద కొంచెం సిగ్గుగా ఉంది, కానీ దరఖాస్తు వేశాక తెలియడం కన్నా ఇదే నయం. నీటి వడపోతను వదిలేస్తున్నాను. గాయపు కట్టును కణ విషతత్వం పరీక్ష అయ్యేదాకా ఆపుతాను. వెండి లేకుండా, వడపోత పొర, దాని అతుకు, ఈ రెండింటి మీదే మొదట పనిచేస్తాను. పొర గురించి ఇక్కడ ఇంతకన్నా రాయను. ఒక్క సందేహం మాత్రం అడుగుతాను, అది నా పదార్థానికి సంబంధించినది కాదు. నైలాన్ తేమను పీలుస్తుంది కదా, పరీక్షకు ముందు నమూనాను ఎలా సిద్ధం చేయాలి?

గాలివడపోత (జవాబు):

మంచి ప్రశ్న. అమెరికా ప్రమాణంలో ఎన్ తరగతి వడపోతలను పరీక్షకు ముందు 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 85% సాపేక్ష ఆర్ద్రతలో సుమారు 25 గంటలు ఉంచుతారు. తీసిన వెంటనే గాలి చొరబడని డబ్బాలో మూసి, 10 గంటల లోపు పరీక్షించాలి. మీరు ఒకే రోజు తీసిన పొర నుంచి మూడు ముక్కలు తీసుకోండి. ఒకటి పొడిగా, ఒకటి ఈ విధంగా తేమలో ఉంచి, మూడవది తేమలో ఉంచి ఇరవైసార్లు మడిచి పరీక్షించండి. మూడింటికీ గాలి వేగం సెకనుకు 9.4 సెంటీమీటర్ల దగ్గరే ఉంచండి, పీడన వ్యత్యాసాన్ని ఉప్పు ఎక్కించే ముందూ, ఎక్కించేటప్పుడు ప్రతి నిమిషానికీ రాసుకోండి. మూడవ ముక్కలో సామర్థ్యం పడిపోయి పీడన వ్యత్యాసం కూడా తగ్గితే, కంటికి కనిపించకపోయినా పొర ఎక్కడో లేచింది. ఆ ముక్కను పారేయకుండా దాచి, అంచుల నుంచి కాకుండా మడత గీత దగ్గర కోసి మైక్రోస్కోప్ కింద చూడండి.